ప్రహరీ కన్నాలు మూయవచ్చా?

ప్రశ్న: మధురవాడలో వాలు మీద మా ఇల్లు. ఎగువ స్థలంవారు ఇల్లు కట్టేటప్పుడు రెండడుగులు మట్టి పోసి ఎత్తు చేశారు. అప్పట్నుంచి గట్టి వాన పడితే చాలు, ప్రహరీ కన్నాల్లోంచి నీళ్లు మా పెరట్లోకి దూకుతున్నాయి. సిమెంటుతో మూసేయవచ్చా?

జవాబు: మూయకండి. ప్రహరీ దొంగలకు అడ్డం గానీ నీళ్లకు ఆనకట్ట కాదు. గోడ వెనక మీటరు ఎత్తు నీళ్లు నిలిస్తే, మీటరు పొడవుకి అర టన్ను తోపుడు పడుతుంది. తొమ్మిదంగుళాల ఇటుక గోడను దానికి నమ్ముకోలేం. పడితే మీవైపే పడుతుంది.

ముందు అవి ఏ నీళ్లో తేల్చండి. వాన జోరుమీద ఉన్నప్పుడే కన్నం కింద బకెట్టు పెట్టండి. ఎర్రగా వచ్చి అడుగున మట్టి దిగితే నేల నీళ్లు; తేటగా ఉంటే డాబా గొట్టం నీళ్లు. చట్టం ఈ రెంటినీ ఒకే కంటితో చూడదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (ఒకరి స్థలం మీద మరొకరికుండే వాడకం హక్కుల చట్టం) 7వ సెక్షన్ ప్రకారం, ఎగువ నేల మీద పడి సహజంగా జారే వాన నీటిని దిగువవారు రానివ్వాలి. గొట్టంతో ఒకచోటికి చేర్చి మీమీదికి వదిలినా, మట్టి పోసి దారి మళ్లించినా అది సహజం కాదు, అభ్యంతరం చెప్పవచ్చు. ఏళ్లతరబడి ఊరుకోకండి. 20 ఏళ్లు అడ్డూఆపూ లేకుండా హక్కుగా సాగితే అదే వారికి హక్కయి కూర్చుంటుంది.

డాబా నీళ్లయితే పని తేలిక. 100 చదరపు మీటర్ల డాబా మీద గంటకు 50 మి.మీ. వాన పడితే 5,000 లీటర్లు. 110 మి.మీ. పీవీసీ గొట్టాన్ని పదడుగులకు ఒకటింపావు అంగుళం వాలుతో రోడ్డు కాలువ దాకా వేస్తే అది సులువుగా లాగేస్తుంది. గొట్టం చాలకపోవడం అరుదు, ఆకులూ మట్టీ పట్టి పూడిపోవడమే ఎక్కువ. అందుకని కాలువలో కలిసేముందు రెండడుగుల చదరం చాంబరు కట్టించి, దాని అడుగు బయటికెళ్లే గొట్టం కంటే ఒక అడుగు లోతుగా ఉంచాలి. మట్టి అక్కడే ఆగుతుంది. జూన్‌కి ముందోసారి, అక్టోబరు తుపాన్లకు ముందోసారి ఎత్తిపోయాలి.

నేల నీళ్లకైతే ప్రహరీకి ఎగువవైపు, గోడ పొడవునా అడుగు వెడల్పు కాలువ తీసి రోడ్డు వైపు వాలు ఇవ్వాలి. ఇది వారి స్థలంలో జరగాల్సిన పని, మాట్లాడి ఒప్పించుకోవాలి. ఇంకుడుగుంత ఒక్కటే చాలదు: 4×4 అడుగులు, 6 అడుగుల లోతు తవ్వి కంకర నింపితే పట్టేది సుమారు 1,100 లీటర్లే.

ఖర్చు పంపకం, చాంబరు ఎవరు శుభ్రం చేయాలో కాగితం మీద రాసుకోండి. పొసగకపోతే వార్డు సచివాలయంలో అర్జీ పెట్టండి. ఆపైన జిల్లా న్యాయసేవాధికార సంస్థ లోక్‌అదాలత్ ఉంది. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం. వాన పడుతుండగా తీసిన వీడియో, గోడ పక్కన టేపు పెట్టి తీసిన ఫొటో దగ్గరుంచుకోండి.

ప్రశ్న: గాజువాకలో మాది. డాబా నీళ్లు యూజీడీ (భూగర్భ మురుగు లైను) చాంబరులో కలిపేస్తే పోయేదానికి రోడ్డు దాకా గొట్టమెందుకు అంటున్నాడు ప్లంబరు.

జవాబు: వద్దు. మురుగు లైను వాన నీటికి వేసింది కాదు. జోరు వానలో అది నిండి, నేల మట్టం తక్కువున్న ఇంటి బాత్రూంలో నీళ్లు పోయే ట్రాప్‌లోంచి వెనక్కి తన్నుతుంది. మీ వీధిలో పల్లంలో ఉన్నది మీ ఇల్లే కావచ్చు.