పెట్టె మీద ఏం రాయాలి?

ప్రశ్న: లాడ్‌ బజార్‌లో కొన్న లక్క గాజులు, గాజు గాజులు విజయవాడకు పార్శిల్ చేస్తున్నాను. ‘ఫ్రాజైల్’ అనడానికి తెలుగులో ఏం రాయాలి? ‘ఫ్రాజిలిటీ’ అంటే పెళుసుదనమేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట

జవాబు: పెట్టె మీద ‘పగిలే వస్తువులు, జాగ్రత్త’ అని రాయండి. మోసే మనిషికి ఒక్క చూపులో అర్థమవ్వాలి కదా.

పెళుసంటే వంగకుండా పుటుక్కున విరిగే గుణం. ఎండుకొమ్మ పెళుసు, పచ్చికొమ్మ కాదు. గాజు సాగదు, అంచున సన్నని గీత ఉన్నా ఒత్తిడంతా దాని మొనకే చేరి, పగులు సర్రున పాకుతుంది. లక్క వేడికి మెత్తబడుతుంది, చల్లారితే అదీ పెళుసే. అందుకే డజను చొప్పున కాగితం చుట్టి, గాజుల మధ్య బోలుగా ఉన్నచోట కూడా కాగితం కుక్కండి. పెట్టె ఊపితే చప్పుడు రాకూడదు.

అన్నిటికీ పెళుసు పనికిరాదు. పూరేకు సుకుమారం. జీవితం క్షణభంగురం, భంగురమంటే భంగమయ్యే స్వభావం కలది. ‘ఫ్రాజైల్ పీస్’ని ‘పెళుసు శాంతి’ అంటే చెవికి గుచ్చుకుంటుంది, ‘ఎప్పుడైనా చెదిరే శాంతి’ నయం. మనిషిని పెళుసు అన్నామంటే మాట కటువని అర్థం, ఒళ్లు బలహీనమని కాదు.