వైర్‌లెస్ సెట్టు కొన్నారు సరే, లైసెన్స్ ఏదీ?

ప్రశ్న: మాది నూజివీడు. ఆగిరిపల్లి వైపు 14 కిలోమీటర్ల దూరంలో మామిడి తోట ఉంది. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. తోటలో మా నాన్నగారికి గుండెనొప్పి వస్తే మాకు కబురు తెలిసేసరికి గంటన్నర పట్టింది. ఆ భయంతో 22 నెలల కింద ఆన్‌లైన్‌లో 25 వాట్ల వీహెచ్ఎఫ్ (30–300 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల) బేస్ సెట్టు (ఒకచోట ఉంచి మాట్లాడే సెట్టు), యాంటెన్నా, రెండు వాకీటాకీలు రూ.41,500కు కొన్నాను. లైసెన్స్ అక్కర్లేదని అమ్మినాయన చెప్పారు. పోయిన నెల మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ టెర్రస్ మీద కేబుల్ కోయించి, యాంటెన్నా పైపు పీకించి, అందరి ముందూ ‘దొంగ రేడియో’ అని అవమానించాడు. ఆయన మీద నష్టపరిహారానికి, పరువు నష్టానికి కేసు వేయొచ్చా? ఈసారి 50 వాట్ల సెట్టు, పొడవాటి ఫైబర్‌గ్లాస్ యాంటెన్నా కొందామనుకుంటున్నా. మంచిదేనా? – ఒక పాఠకుడు

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు సెక్రటరీ గురించే రాశారు. లైసెన్స్ సంగతి ఒక్క వాక్యంలో తేల్చేశారు, అదీ అమ్మినాయన నోటిమాటగా. మీ కేసు మొత్తం ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం సెక్షన్ 3 ప్రకారం లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే తప్పు. మాట్లాడారా, స్విచ్ వేశారా అన్నది తర్వాతి సంగతి. పరికరం మీ సెట్టులా సంకేతాలు పంపే ట్రాన్స్‌మిటర్ అయితే సెక్షన్ 6 కింద మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. జరిమానా వెయ్యేగా అని నవ్వుకోకండి, దాని పక్కనున్న మూడేళ్లు చూడండి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 2024 జూన్ 26 నుంచి విడతలవారీగా అమల్లోకి వస్తోంది. దాని కింద కూడా రేడియో పరికరానికి అనుమతో మినహాయింపో ఉండాల్సిందే.

గొడవయ్యాక సెట్టును తోటలో కాపలాదారు గదికి మార్చానని, అదేదో తెలివైన పని చేసినట్టు రాశారు. మీ అధీనంలో ఉన్న చోట దొరికిన పరికరం మీ దగ్గరున్నట్టే కోర్టు భావించవచ్చని అదే సెక్షన్ 6 చెబుతోంది. తోట పాస్‌బుక్ మీ పేరునే ఉందిగా? పైగా ఇప్పుడు ఆ కాపలాదారుణ్ని కూడా ఇందులోకి లాగారు.

‘కొని రెండేళ్లు కావస్తోంది, ఇక నా మీద కేసుకు గడువు దాటినట్టేగా’ అని మరో అనుమానం. కాదు. మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాలకు కాలపరిమితే మూడేళ్లు. అదీగాక ఉంచుకోవడం అన్నది నిరంతర నేరం. సెట్టు మీ దగ్గరున్నంత కాలం గడువు ఏ రోజుకారోజు కొత్తగా మొదలవుతుంది.

ఈ స్థితిలో సెక్రటరీ మీద దావా అంటున్నారు. ఒకరి సామాను కోసి పారేసే హక్కు ఆయనకు లేదు, నిజమే. వస్తువుకు నష్టం చేసినందుకు పరిహారం అడగడానికి మీకు మూడేళ్ల గడువూ ఉంది. కానీ దావాలో మొదటి పేరాలో ఏమని రాస్తారు? ‘వాదికి 25 వాట్ల ట్రాన్స్‌మిటర్ కలదు’ అని. లైసెన్స్ నంబర్ దగ్గర ఖాళీ వదులుతారా? మీ వకీలు టైప్ చేసి, మీరు సంతకం పెట్టి ఇచ్చే ఒప్పుకోలు అది. పోలీసులకిచ్చే ఫిర్యాదూ అంతే. ఇక ‘దొంగ రేడియో’ మాటకు పరువు నష్టం వేస్తే, తానన్నది నిజమేనని నిరూపించుకోవడానికి ఆయన ఎక్కడికీ పోనక్కర్లేదు, మీ దావా కాపీ చూపిస్తే చాలు. టెర్రస్ విషయంలోనూ మీ బలం తక్కువే. మీ సేల్ డీడ్ షెడ్యూల్ చదివాను. ఫ్లాటు, అవిభక్త వాటా, కారు పార్కింగ్ ఉన్నాయి. టెర్రస్ మీద ప్రత్యేక హక్కు లేదు. అది అందరి ఉమ్మడి జాగా. అక్కడ పైపు నాటే ముందు సంఘం తీర్మానం తీసుకోవాల్సింది.

మీ మిత్రుడెవరో చెప్పిన ఉపాయం గురించి గట్టిగా చెబుతున్నా, వినండి. ఆయనకు హామ్ రేడియో (అభిరుచి రేడియో) లైసెన్స్ ఉంది కాబట్టి ఆయన కాల్ సైన్ (లైసెన్స్‌తో ఇచ్చే గుర్తింపు పేరు) మీద నడిపేయమన్నాడట, బిల్లు కూడా పాత తేదీతో ఆయన పేర రాయిస్తాడట. ఆ పని చేస్తే ఇప్పటిదాకా తెలియక చేసిన తప్పు, తెలిసి చేసిన ఫోర్జరీ అవుతుంది. హామ్ లైసెన్స్ మనిషికిస్తారు, ఏ చిరునామాలో స్టేషనో అందులోనే ఉంటుంది. బండి ఆర్‌సీలా అరువిచ్చుకునేది కాదు. పోనీ మీరే పరీక్ష రాసి హామ్ లైసెన్స్ తెచ్చుకున్నా తోట పనికి అది చెల్లదు. హామ్ అన్నది అభిరుచి కోసం. ఇలాంటి వీహెచ్ఎఫ్ సెట్లకు వాళ్లకిచ్చింది 144–146 మెగాహెర్ట్జ్. అందులో కాయ కోతలు, లారీ కబుర్లు కుదరవు. తోటలో అవతలి సెట్టు పట్టుకునే మనిషికీ లైసెన్స్ ఉండాలి. సెట్టును సెకండ్‌హ్యాండ్‌లో అమ్మేయడం ఇంకో అడ్డదారి. దాని జోలికీ పోకండి.

50 వాట్ల సంగతి. నా జూనియర్‌కు హామ్ లైసెన్స్ ఉంది (వీయూ3 కాల్ సైన్). మీరు పంపిన ఫొటోలు చూసి తల పట్టుకున్నాడు. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 30 మీటర్లు లాగారట. 150 మెగాహెర్ట్జ్ దగ్గర నాలుగింట మూడొంతుల పవర్ ఆ తీగలోనే హరించుకుపోతుందట, 25 వాట్లలో యాంటెన్నా దాకా చేరేది ఆరేడు. 50 పెడితే పన్నెండో పదమూడో. మందపాటి కేబుల్ వేసి, యాంటెన్నా ఎత్తులో పెడితే వాట్లు పెంచే పనే ఉండదంటాడు. నాకు తెలిసింది మాత్రం ఒకటి: సొంత అవసరానికి వీహెచ్ఎఫ్ కావాలంటే టెలికాం శాఖలో వైర్‌లెస్ లైసెన్సులిచ్చే డబ్ల్యూపీసీ విభాగానికి దరఖాస్తు చేయాలి. ఏ ఫ్రీక్వెన్సీ, ఎన్ని వాట్లు, ఏ చోట అన్నది వాళ్లు నిర్ణయిస్తారు. కాబట్టి లైసెన్స్ ముందు, కొనుగోలు తర్వాత. అప్పటిదాకా రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

446.0–446.2 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే తక్కువ శక్తి వాకీటాకీలకు లైసెన్స్ మినహాయింపు ఉంది. అవి తోట లోపల పనికొస్తాయి, 14 కిలోమీటర్లు అందవు. మీ అవసరానికి నాకు తోచే దారి 5 గిగాహెర్ట్జ్ వైఫై లింక్. ఆరుబయట వాడకానికీ 2018లో ఆ బ్యాండ్‌కు మినహాయింపు ఇచ్చారు. మధ్యలో గుట్ట, చెట్ల గుబురు అడ్డు లేకపోతే రెండు డిష్‌లతో తోటలోకి ఇంటర్నెట్ వెళ్తుంది, దాని మీద ఫోన్ కాల్ చేసుకోవచ్చు. డబ్ల్యూపీసీ ఆమోదం (ఈటీఏ) ఉన్న పరికరమే కొనండి. సిగ్నల్ బూస్టర్ అని ఎవరైనా అంటగట్టబోతే వద్దనండి, అదీ ఇలాంటి కేసే. డిష్ పెట్టడానికి మళ్లీ ఆ టెర్రస్సే కావాలి. అందుకే సెక్రటరీతో కోర్టుకెక్కొద్దంటున్నా, ఆయన సంతకం పెట్టిన తీర్మానం మీకు అవసరం.

మీ అసలు ప్రతివాది అమ్మినాయన. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. అందులో 22 నెలలు గడిచిపోయాయి, పోయిన నెల నుంచి సెక్రటరీ మీద కోపంతోనే ఉన్నారు. మిగిలింది రెండు నెలలు. లైసెన్స్ అవసరమని నాకు పోయిన నెలే తెలిసిందన్న వాదన ఉంది గానీ దాని మీద ఆధారపడకండి, సరుకు చేతికొచ్చిన తేదీ నుంచే లెక్కేసుకోండి. మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు. రూ.5 లక్షల లోపు సొమ్ముకు ఫీజు లేదు. తోట వ్యాపారమని అవతలివాళ్లు అభ్యంతరం చెబుతారు. ఇంటి క్షేమం కోసం, సొంత జీవనోపాధి కోసం కొన్నానని అమ్మినాయనకిచ్చే నోటీసులోనే రాయాలి.

‘లైసెన్స్ అక్కర్లేదు’ అన్న వాట్సాప్ మెసేజ్ డిలీట్ చేశానన్నారు. రేడియో కొన్న మనిషికి ఓ స్క్రీన్‌షాట్ తీసుకోవడం రాలేదా? పాత ఫోన్ ఎక్కడుందో వెతకండి, బ్యాకప్ చూడండి. అమ్మకం పేజీలో ఆ మాట ఇంకా ఉంటే తేదీ కనబడేలా ఇవాళే ప్రింట్ తీయండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అది మీ వకీలు చూసుకుంటారు. లైసెన్స్ వివరం చెప్పకుండా వాకీటాకీలు ఆన్‌లైన్‌లో అమ్మకూడదని 2025లో వినియోగదారుల రక్షణ అథారిటీ మార్గదర్శకాలు ఇచ్చింది, మీ కొనుగోలు ముందుదైనా వాదనకు పనికొస్తుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు సెట్టుకు కరెంట్ తీసేసి, మైకు, యాంటెన్నా ఊడదీసి, సీరియల్ నంబర్ ఫొటో తీసి, కొన్న తీరు ఉన్నదున్నట్టు రాసి డబ్ల్యూపీసీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, ఏం చేయాలో ఆదేశించమనండి. ఆ ఉత్తరం ముసాయిదా మాత్రం స్థానిక వకీలుకు చూపించాకే పోస్టు చేయండి.