అనంతమైన గతం ఉంటే ఈరోజు ఎలా వచ్చింది?

తమ్ముడూ, నల్లగొండ డిబేట్‌లో "విశ్వానికి మొదలుంది" అనే పక్షాన మాట్లాడుతున్నానని, "గతం అనంతమైతే ఈరోజు దాకా రావడమే కుదరదు" అన్నదే నీ మెయిన్ పాయింట్ అని రాశావు. దాన్ని వదిలెయ్. "ఏ రోజు నుంచి బయల్దేరితే రాలేం?" అని ఎదుటివాళ్లు అడిగితే జవాబుండదు. గతం అనంతమైనా, అందులో ఏ రోజును తీసుకున్నా నేటికి లెక్కపెట్టగలిగినన్ని రోజులే. మొదటి రోజే లేనప్పుడు అక్కడి నుంచి రావాలన్న షరతే ఉండదు.

సాక్ష్యాలతో వెళ్లు. వీలైతే అమావాస్య రాత్రి మన్ననూరు అడవి వైపు వెళ్లి ఆకాశం చూడు. చుక్కల మధ్య అంత నలుపెందుకు? అంతులేని విశ్వం ఎప్పటినుంచో ఇలాగే ఉండుంటే, ఎటు చూసినా చూపు ఏదో ఒక నక్షత్రానికి తగలాలి, ఆకాశమంతా వెలిగిపోవాలి. డిబేట్‌లో ఇది బాగా పనిచేస్తుంది. తర్వాత 1965 చెప్పు: పెంజియాస్, విల్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్తలకు అన్ని దిక్కుల నుంచీ దొరికిన మైక్రోవేవ్ రేడియేషన్, అంటే విశ్వం తొలినాళ్ల వేడికి మిగిలిన ఆనవాలు. హోయల్, మన నార్లీకర్ సమర్థించిన, "విశ్వానికి మొదలు లేదు, ఎప్పుడూ ఇలాగే ఉంది" అనే స్థిరస్థితి సిద్ధాంతానికి అది పెద్ద దెబ్బ.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. సుమారు 1,380 కోట్ల ఏళ్ల కింద విశ్వం విపరీతమైన వేడితో, దట్టంగా ఉండేదన్నది గట్టి విషయం. కాలమే అక్కడ మొదలైందన్నది ఇంకా తేలలేదు. 2003లో బోర్డె, గూత్, విలెంకిన్ అనే భౌతిక శాస్త్రవేత్తలు నిరూపించింది కూడా, సగటున వ్యాకోచిస్తూ వచ్చిన విశ్వాన్ని అదే తీరుగా వెనక్కి అనంతంగా సాగదీయలేమనే. అంతకుముందు ఏముందో ఆ సిద్ధాంతం చెప్పదు. జడ్జీలు అడిగితే ఇదే చెప్పు, తగ్గినట్టు కాదు.