ఆ సాగే స్వరాలు శ్రుతి కాదు

ప్రశ్న: 'ఇన్ నోమినే' అనే పాత ఇంగ్లండ్ సంగీతం యూట్యూబ్‌లో విన్నాను. అయిదుగురు వాయించారు. నలుగురు చకచకా వాయిస్తుంటే, ఒకరు మాత్రం ఒక్కో స్వరాన్నే సాగదీస్తున్నారు. అది మన తంబూరా లాంటి శ్రుతేనా? ఇదే పేరుతో ఇంతమంది ఎందుకు రాశారు? మా అమ్మాయి, తన స్నేహితురాళ్లు వయొలిన్ మీద వాయించవచ్చా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: శ్రుతి కాదమ్మా, అసలు పాట అదే. తంబూరా ఒక్కచోటే నిలబడుతుంది, ఈ స్వరాలు కదులుతాయి. కాకపోతే ఒక్కోటీ అంతసేపు నిలుస్తుంది కాబట్టి, తర్వాతది వచ్చేలోపు ముందుది మరిచిపోతాం.

అది 'గ్లోరియా తిబి త్రినితాస్' అనే చర్చి కీర్తన వరస. తోడు వాద్యం లేకుండా అందరూ కలిసి ఒకే వరసను పాడుకునేది. 16వ శతాబ్దం మొదట్లో జాన్ టావర్నర్ అనే ఇంగ్లండ్ సంగీతకర్త దాని మీద ఆరు గళాల మాస్, అంటే చర్చి ఆరాధనలో పాడే సంగీతం, కట్టాడు. అందులో ఒకచోట గళాలు నాలుగుకు తగ్గుతాయి. ఆ ముక్క వాద్యకారులకు ఎంత నచ్చిందంటే, మాటలు వదిలేసి వాయించుకోవడం మొదలుపెట్టారు. అక్కడ పాడే లాటిన్ మాటలు 'ఇన్ నోమినే డోమిని', అదే పేరుగా మిగిలింది. తర్వాత టాలిస్, బర్డ్, గిబ్బన్స్ లాంటి వాళ్లు అదే వరస పెట్టుకుని, చుట్టూ తమ సొంత అల్లిక అల్లారు. క్రిస్టఫర్ టై ఒక్కడే 20కి పైగా రాశాడు! 1680 ప్రాంతంలో, ఆ పద్ధతి పాతబడిపోయాక, కుర్రవాడైన పర్సెల్ ఆరు భాగాలకు (ఒక్కో భాగం ఒక్కొక్కరు వాయించేలా) ఒకటి, ఏడు భాగాలకు ఒకటి రాశాడు. నా మనసు ఎప్పుడూ ఆ ఏడు భాగాల దాని దగ్గరే ఆగిపోతుంది. అంత నిండుదనం మరెక్కడా వినలేదు.

వినేటప్పుడు ఒక పని చేయండి. ఆ వరస 'స'తో మొదలై సాధారణ గాంధారానికి ఎక్కి, మళ్లీ 'స'కి దిగుతుంది. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి క్లాసులో పిల్లల చేత ముందు ఇదే పాడిస్తాను. స్వరస్థానాలు ఖరహరప్రియవే, కానీ గమకం ఉండదు కాబట్టి మన రాగంలా అనిపించదు. గొంతుకు ఎక్కాక రికార్డింగ్ పెడితే, పైనుంచి రెండో భాగంలో సాధారణంగా ఆ వరస దొరికిపోతుంది. పట్టుకున్న పిల్ల ముఖం చూడాలి!

ఇక వాయించడం. ఇది వయోల్ అనే పాత కమాను వాద్యం కోసం రాసింది. ఆరు తీగలు, మెడకు నరంతో కట్టిన మెట్లు, మోకాళ్ల మధ్య పెట్టుకుని అరచేయి పైకి తిప్పి కమాను పట్టుకుంటారు. పై భాగాలు వయొలిన్‌కు అందుతాయి. కింది భాగాలకు మాత్రం వయొలిన్ కంటే పెద్దవైన వియోలా, చెల్లో కావాలి. అవి దొరక్కపోతే కీబోర్డు మీద కింది భాగాలు ఎవరైనా వాయించినా పాఠానికి సరిపోతుంది. స్వరాలు నిలువుగా, జారుడు లేకుండా పట్టమనండి. మన పిల్లలకు అదే కష్టం, వేలు దానంతటదే ఊగుతుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. సాగే స్వరాలు తేలికని కొత్తగా చేరిన పిల్లకు ఇవ్వకండి. చుట్టూ అందరూ పరుగెడుతుంటే లెక్క తప్పకుండా నిలబడటం టెన్షన్ పెట్టే పని. కమాను మధ్యలో అయిపోతే పాట తెగుతుంది. మీ గుంపులో తాళం అందరికంటే గట్టిగా ఉన్న అమ్మాయికి ఆ భాగం ఇవ్వండి.