షోరూమ్‌కి వెళ్లే ముందు టేపు తియ్యి, అల్లుడూ

అల్లుడికి ఆశీస్సులు.

షాపువాడు 65 అంగుళాల టీవీ తీసుకోమంటున్నాడనీ, అమ్మాయేమో 43 చాలంటోందనీ నిన్న ఫోన్లో చెప్పావు. మీరంతా గోడ వైపే చూస్తున్నారు. తెనాలిలో పాతికేళ్లు టీవీలు బాగుచేసినవాణ్ని, నాకు ముందు సోఫా ఎక్కడుందో చెప్పు.

షోరూమ్‌లో ఏ టీవీ అయినా చిన్నగానే కనిపిస్తుంది. అంత ఎత్తు సీలింగు, పక్కన ఇంకా పెద్ద టీవీలు. అక్కడ ముచ్చటపడి తెచ్చుకుంటే ఇంట్లో బీరువా అడ్డం పెట్టినట్టుంటుంది.

మీ హాలు వెడల్పు పది అడుగులన్నావు. అంటే 120 అంగుళాలు. సోఫా వీపు, దిండు కలిసి అడుగున్నర తినేస్తాయి. బ్రాకెట్‌తో టీవీ నాలుగైదు అంగుళాలు ముందుకొస్తుంది. కంటికీ తెరకీ మధ్య మిగిలేది దాదాపు 97 అంగుళాలు. దాన్ని 1.6తో భాగిస్తే మామూలుగా చూసేవాళ్లకి సరిపోయే టీవీ సైజు తేలుతుంది, మీకు 60 వస్తుంది. కాస్త కిందికి 55, కాస్త పైకి 65. సినిమా పిచ్చి ఉన్నవాళ్లు 1.2తో భాగిస్తారు, వాళ్ల లెక్కలో 80 కూడా పడుతుంది. కాబట్టి షాపువాడు చెప్పింది అబద్ధమేం కాదు.

అయినా నేను 55 అంటాను. ఎందుకంటే ఆ టీవీ ఎక్కువసేపు చూసేది నువ్వు కాదు, మీ అమ్మ. అక్కయ్య చూసే సీరియల్ హెచ్‌డీ కాని మామూలు ఛానెల్లో, సెట్‌టాప్ బాక్సులోంచి వస్తుంది. ఆ బొమ్మలో ఉండేది 576 గీతలే. 4కే తెరకి 2160 కావాలి. లేనివాటిని టీవీ తన ఊహతో నింపుకుంటుంది. తెర పెద్దదయ్యేకొద్దీ ఆ అతుకులు బయటపడి, సీరియల్లో అత్తగారి మొహం మైనం పూసినట్టు కనిపిస్తుంది. రోజూ 4కే సినిమాలే చూసే ఇల్లయితే 65 తీసుకోమనేవాణ్ని.

55 అంటే మూల నుంచి మూలకి కొలత. గోడ మీద అది 48 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల ఎత్తు. పాత పేపర్లు ఆ కొలతకి అతికించి గోడకి అంటించు, రెండ్రోజులు ఉండనీ. అన్నం తింటూ, పడుకుని, అన్ని రకాలుగా చూడండి. అమ్మాయి కూడా అప్పుడు చెబుతుంది.

ఎత్తు విషయంలో మాత్రం నాలా చెయ్యకు. ఇంతమందికి టీవీలు బిగించి, మా ఇంట్లో షోకేసు పైన, దాదాపు ఆరడుగుల ఎత్తులో పెట్టాను. దర్జాగా ఉంటుందని. వారం తిరక్కుండా మీ అత్తకి మెడ పట్టేసింది. ఆ తర్వాత సీరియల్ చూడ్డం మానేసి, గోడకి చేరగిలబడి వినడం మొదలుపెట్టింది! దింపక తప్పలేదు. ఆ నాలుగు చిల్లులూ ఇప్పటికీ క్యాలెండర్ వెనకాలే ఉన్నాయి. సోఫాలో కూర్చుంటే కన్ను నేల నుంచి 40 అంగుళాల ఎత్తులో ఉంటుంది. తెర మధ్యభాగం అక్కడికి రావాలి, అంటే 55కి కింది అంచు రెండడుగుల పైచిలుకు. అక్కయ్య కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ చూస్తుంది కాబట్టి అంతకన్నా పైకి పోవద్దు.

బాల్కనీకి ఎదురుగోడ మీద పెట్టకు, మధ్యాహ్నం రాత్రి సీను వస్తే తెరలో గ్రిల్లే కనిపిస్తుంది. 32 దాటితే పన్ను ఎక్కువన్నది పాతమాట, 2025 సెప్టెంబర్ 22 నుంచి అన్నింటికీ 18 శాతమే. అన్నట్టు మీ లిఫ్టు తలుపు వెడల్పు కూడా చూడు, పెట్టె నిలబెట్టే తేవాలి, పడుకోబెట్టకూడదు.

ఈ ఆదివారం లోపల సోఫా నుంచి గోడకి కొలత పంపు. టేపు అక్కయ్య కుట్టుమిషను సొరుగులో ఉంటుంది. అది 60 అంగుళాలే, రెండుసార్లు పెట్టాలి.

మీ మావయ్య