ఆటోమేటిక్ కారుకు రీమ్యాప్: చలాన్ కంటే క్లెయిమ్ గురించే ఆలోచించండి

ప్రశ్న: నాది ఆటోమేటిక్ సెడాన్. 1.5 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్, 7 గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్. వారంటీ ఇంకా ఉంది, బ్యాంకు లోన్ కూడా నడుస్తోంది. స్టేజ్ 1 రీమ్యాప్ (విడిభాగాలు మార్చకుండా ఇంజిన్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచడం), క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం) లేని ఎగ్జాస్ట్, 17 అంగుళాల అలాయ్ వీల్స్ వేయించుకుందామని ఒక వర్క్‌షాప్‌కు అడ్వాన్స్ ఇచ్చాను. ఆర్టీఓ ఆఫీసులో ఎండార్స్‌మెంట్ (ఆర్‌సీలో మార్పు నమోదు) చేయిస్తే సరిపోతుందని, తేడా వస్తే పాత సాఫ్ట్‌వేర్ ఫైల్ తిరిగి ఎక్కిస్తామని వాళ్ళంటున్నారు. ఇది చట్టబద్ధమేనా? మానుకుంటే అడ్వాన్స్ తిరిగి అడగవచ్చా?

జవాబు: మీరడిగిన మూడింటిలో అలాయ్స్‌కు దారి ఉంది. మిగతా రెండూ రోడ్డు మీద తిరిగే కారుకు వద్దు.

ముందు మీ ఆర్‌సీ తీసి చూడండి. ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, క్యూబిక్ కెపాసిటీ, సిలిండర్లు, ఇంధనం, బరువు, సీట్లు, రంగు ఉంటాయి. ఇప్పుడిస్తున్న కార్డుల్లో హార్స్‌పవర్ కూడా బీహెచ్‌పీలోనో కిలోవాట్లలోనో ఉంటుంది. ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52(1) చెబుతోంది. రీమ్యాప్‌తో మారేది సరిగ్గా ఆ హార్స్‌పవర్ అంకే.

'మార్పు' అంటే వాహన నిర్మాణం మారి, దాని మౌలిక లక్షణం మారిపోవడమని అదే సెక్షన్‌కు వివరణ ఉంది. సాఫ్ట్‌వేర్ మారిస్తే నిర్మాణం మారినట్టా అని వాదించవచ్చు. కేసు పడ్డాక నిలబడి చెప్పుకోవడానికి ఆ వాదన పనికొస్తుంది. దాన్ని నమ్ముకుని ముందే డబ్బు పెట్టడం మాత్రం తెలివైన పని కాదు. కేరళ నుంచి వచ్చిన అప్పీలులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. తయారీదారు ఇచ్చిన, ఆర్‌సీకెక్కిన వివరాలకు భిన్నంగా మార్పులు చేయడానికి వీల్లేదని, రూల్స్ పేరు చెప్పి దాన్ని దాటలేరని తేల్చింది.

కాబట్టి ఎండార్స్‌మెంట్ మాట వట్టిది. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వాటికి ఆమోదం పొందిన కిట్‌తో మారినప్పుడో, దివ్యాంగుల కోసం వాహనాన్ని మార్చినప్పుడో ఆర్‌సీలో నమోదుకు పద్ధతి ఉంది. మార్పు చేసిన 14 రోజుల్లోగా రిజిస్టరింగ్ అథారిటీకి తెలియజేయాలి. పవర్ పెంచుకున్నామంటే ఫీజు కట్టించుకుని రాసిచ్చే పద్ధతి లేదు. వర్క్‌షాప్ ఇచ్చే 'లీగల్ ట్యూన్' సర్టిఫికెట్‌కు విలువ లేదు.

శిక్ష విషయానికొస్తే, సెక్షన్ 182ఎ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే సెక్షన్ 190(2) కూడా మీద పడుతుంది. వాయు, శబ్ద కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు మొదటిసారి 3 నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, పైగా 3 నెలలు డ్రైవింగ్ లైసెన్సుకు అనర్హత. కన్వర్టర్ లేని బీఎస్6 కారు నిజాయితీగా చేసే పీయూసీ (కాలుష్య) పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ దగ్గరే దొరికిపోతుంది.

అయినా నన్నడిగితే జరిమానా చిన్న విషయం. అసలు నష్టం గేర్‌బాక్స్‌తో మొదలవుతుంది. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు వాడే 7 గేర్ల డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) బాక్స్ డీక్యూ200 సంగతి చూడండి. అది తట్టుకునే టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పరిమితి 250 న్యూటన్ మీటర్లు. దానికి జత చేసిన 1.5 లీటర్ టర్బో ఇంజిన్ కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 250 ఇస్తుంది. అంటే మిగులు లేదు. రీమ్యాప్ బదులు పిగ్గీబ్యాక్ బాక్స్ (సెన్సర్ వైర్ల మధ్య తగిలించే చిన్న పరికరం) పెట్టినా అంతే, ఇంకా చెప్పాలంటే అది మరీ ప్రమాదం. బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) సెన్సర్ సిగ్నల్‌ను తగ్గించి చూపి అది ఇంజిన్ కంప్యూటర్‌ను మోసం చేస్తుంది. గేర్‌బాక్స్ కంప్యూటర్‌కూ ఆ తక్కువ టార్క్ లెక్కే చేరుతుంది. ఆ లెక్క ప్రకారమే క్లచ్‌ను నొక్కుతుంది, అసలు టార్క్ అంతకన్నా ఎక్కువ కాబట్టి క్లచ్ జారుతుంది, వేడెక్కి కాలుతుంది. సీవీటీ (బెల్టుతో నడిచే ఆటోమేటిక్ గేర్‌బాక్స్)లోనైతే బెల్టు జారుతుంది. టార్క్ కన్వర్టర్ బాక్స్‌లో క్లచ్ ప్లేట్లు అరుగుతాయి, ఏటీఎఫ్ (గేర్‌బాక్స్ ఆయిల్) మాడిన వాసన వస్తుంది.

అలా బాక్స్ పోయిందనుకోండి. మీరు చేసిన మార్పు వల్లే పోయిందని కంపెనీ వారంటీ నిరాకరిస్తుంది. పాత ఫైల్ తిరిగి ఎక్కించినా దాగదు. ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారన్న లెక్క చాలా ఇంజిన్ కంప్యూటర్లలో మిగిలిపోతుంది. ఇన్సూరెన్స్ వైపు వెళదామంటే, మెకానికల్ బ్రేక్‌డౌన్‌కు సాధారణ ప్యాకేజీ పాలసీ వర్తించదు. ఖర్చంతా మీ మీదే.

యాక్సిడెంట్ అయితే వేరే లెక్క. ఎదుటివారికి పరిహారం ఎగ్గొట్టడానికి బీమా కంపెనీకి సెక్షన్ 150(2)లో ఉన్న కారణాలు కొన్నే. ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారనేది వాటిలో ఒకటి. మీ సొంత కారు నష్టం దగ్గర కంపెనీకి ఇంకా చోటుంది. సర్వేయర్ కారు కింద వేరే ఎగ్జాస్ట్ చూశాడంటే క్లెయిమ్ ఫైల్ అక్కడే ఆగుతుంది. ప్రమాదానికీ మార్పుకూ సంబంధం లేదని వాదించి కన్స్యూమర్ కమిషన్‌లో కొంత రాబట్టుకోవచ్చు, కానీ దానికి పట్టే కాలం మీదే. రెన్యూవల్ అప్పుడు మార్పులు దాచకండి. లోన్ అగ్రిమెంట్ కూడా తీసి చదవండి, బ్యాంకు రాతపూర్వక అనుమతి లేకుండా మార్పులు చేయకూడదన్న షరతు ఉండవచ్చు.

అలాయ్స్‌కు వద్దాం. మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే సైజు వేసుకుంటే చిక్కుండదు. చక్రం మొత్తం వ్యాసం మారకూడదు. ఉదాహరణకు 205/55 ఆర్16 టైరు వ్యాసం సుమారు 632 మిల్లీమీటర్లు, 225/45 ఆర్17ది సుమారు 634. స్పీడోమీటర్ తప్పు చూపించదు. లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు సూచిక) పాత టైరు కన్నా తగ్గకూడదు. కంపెనీ డీలర్ దగ్గర వేయించి బిల్లు ఉంచుకోండి, పాలసీలో యాక్సెసరీగా చేర్పించండి.

కారు చురుగ్గా ఉండాలన్నదే మీ కోరికైతే ఆర్‌సీని ముట్టుకోని పనులు చాలా ఉన్నాయి. మంచి పట్టున్న టైర్లు, మెరుగైన బ్రేక్ ప్యాడ్లు, రెండేళ్ళకోసారి బ్రేక్ ఫ్లూయిడ్, సమయానికి స్పార్క్ ప్లగ్గులు, అదే బాక్సులో పట్టే ఎయిర్ ఫిల్టర్. యాక్సిలరేటర్ పెడల్‌కు తగిలించే థ్రాటిల్ కంట్రోలర్ పవర్ పెంచదు, పెడల్ స్పందన మాత్రం మారుస్తుంది. ట్రాక్ మీద నడపాలంటే దానికోసం వేరే కారు పెట్టుకుని, ట్రక్కు మీద తీసుకెళ్ళండి. రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ మామూలు పాలసీ పరిధిలోకి రావు.

ఇక అడ్వాన్స్. పని మొదలుకాక ముందే రద్దు చేయండి. ఫోన్‌లో కాదు, ఈమెయిల్‌లోనో స్పీడ్ పోస్టులోనో. ఎండార్స్‌మెంట్‌తో చట్టబద్ధమవుతుందని మీరు చెప్పబట్టే ఒప్పుకున్నాను, అది నిజం కాదని తెలిసింది, 15 రోజుల్లో డబ్బు తిరిగి ఇవ్వండి అని రాయండి. కాంట్రాక్టు చట్టంలోని 18, 19 సెక్షన్ల కింద తప్పుడు ప్రాతినిధ్యంతో కుదిరిన ఒప్పందాన్ని మీరు రద్దు చేసుకోవచ్చు. వాళ్ళు ఆ మాట చెప్పిన వాట్సాప్ మెసేజీలు, కొటేషన్, అడ్వాన్స్ రసీదు భద్రపరచండి. మాట నోటితోనే అన్నారంటే, రద్దుకు ముందు 'ఎండార్స్‌మెంట్ ఏ రూల్ కింద చేయిస్తారు?' అని ఒక మెసేజ్ పెట్టి జవాబు రాబట్టండి. మీ కోసం ప్రత్యేకంగా తెప్పించిన విడిభాగం ఉందని వాళ్ళు కొంత మినహాయిస్తామనవచ్చు, దాని కొనుగోలు బిల్లు చూపమనండి. ఇవ్వకపోతే 1915 నంబరులో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఆ తర్వాత జిల్లా కన్స్యూమర్ కమిషన్‌కు వెళ్ళండి. గడువు 2 ఏళ్ళు. సేవకు చెల్లించింది 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు ఉండదు.