పాత కారు: పార్టు మార్చే ముందు పరీక్ష

ఈసారి ఉత్తరాలన్నీ లక్ష కిలోమీటర్లు దాటిన బండ్ల గురించే. దాదాపు అందరూ ఒక పార్టు పేరు రాసి, మార్చాలా వద్దా అని అడిగారు. అది తేల్చే పరీక్షలు చాలావరకు ఇంటి ముందరే చేసుకోవచ్చు. ఒక మల్టీమీటర్, టార్చిలైటు, పానాల సెట్టు ఉంటే చాలు.

ప్రశ్న: మాది 2010 మోడల్ పెట్రోల్ కారు, 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. మేడారం జాతరకు పోతుంటే తాడ్వాయి దాటినంక ట్రాఫిక్‌ల టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయింది. అంతకుముందు ములుగు రోడ్డు మీద 80 స్పీడుల పోతే ఏం కాలే. థర్మోస్టాట్ తీసేస్తే చల్లగుంటదని మెకానిక్ అంటున్నడు. తీయించాల్నా?
- పాఠకుడు, హన్మకొండ

జవాబు: తీయించకండి. ఇంజన్ వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటమే థర్మోస్టాట్. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. బండి 80లో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. నిలబడితే ఆ పని ఫ్యాన్ చేయాలి. నిలబడ్డప్పుడే వేడెక్కుతోంది కాబట్టి ముందు అనుమానం ఫ్యాన్ మీద, గాలి పోయే దారి మీద. స్పీడులో కూడా వేడెక్కితే అప్పుడు రేడియేటర్ లోపల పేరుకున్న ఉప్పు, థర్మోస్టాట్, వాటర్ పంపు సంగతి చూడాలి.

ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ పట్టగానే ఫ్యాన్ కూడా తిరగాలి. తిరగకపోతే మొదట ఫ్యూజు, ఆ తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు) చూడండి. పక్కనే అదే నంబరున్న హారన్ రిలే ఉంటే దాన్ని తీసి ఇక్కడ పెట్టి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. అయినా తిరగకపోతే ఇంజన్ ఆపి, ఫ్యాన్ కనెక్టర్ ఊడదీసి, ఫ్యూజు బిగించిన వైరుతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇవ్వండి. చేతులు, తువ్వాలు ఫ్యాన్‌కు దూరంగా ఉండాలి. జోరుగా తిరిగితే మోటారు మంచిదే, లోపం సెన్సర్‌లోనో వైరింగ్‌లోనో ఉంది. ఈడ్చుకుంటూ తిరిగితే, లేదా మోటారును చిన్నగా తడితే గానీ కదలకపోతే లోపల కార్బన్ బ్రష్షులు అరిగినట్టే.

ఇదివరకు ఫ్యాన్ మోటారు మార్పించి ఉంటే ఇంకొకటి తప్పక చూడండి. ఫ్యాన్ తిరుగుతుండగా ముందు జాలీలోంచి కండెన్సర్‌కు, అంటే రేడియేటర్ ముందుండే ఏసీ రేడియేటర్‌కు, పలచటి కాగితం ఆనించండి. అది లోపలికి గుంజుకుని అంటుకుపోవాలి. బయటికి ఎగిరిందంటే వైర్లు తారుమారై ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది. అప్పుడు స్పీడులో వచ్చే ఎదురుగాలికి కూడా ఫ్యానే అడ్డం పడుతుంది.

ఫ్యాన్ బాగుంటే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందులోకి టార్చి కొట్టి చూడండి. పత్తి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ వైపు తిరిగే బండి అయితే ఆ సందులో దూది, దుమ్ము, పురుగులు కలిసి దుప్పటిలా పట్టే అవకాశం ఉంది. ఇంజన్ వైపు నుంచి ముందుకు, మామూలు నల్లా పైపు ధారతో కడగండి. సర్వీసింగ్ సెంటర్ గన్ దగ్గరగా పెడితే సన్నటి రేకులు వంగి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

తర్వాత రేడియేటర్ మూత. ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయాలి, లేదంటే మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. అది లోపల నిలపాల్సిన ఒత్తిడి. 0.9 బార్ ఒత్తిడి ఉంటే నీళ్లు 100 డిగ్రీలకు కాక సుమారు 118 డిగ్రీలకు మరుగుతాయి. మూత రబ్బరు గట్టిపడితే ఆ 18 డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. బండి చల్లారాక పక్క డబ్బాలో కూలెంట్ నిండుగా ఉండి రేడియేటర్‌లో తగ్గి ఉంటే, మూత గానీ రెండిటినీ కలిపే సన్న పైపు గానీ చెడిపోయిందని అర్థం.

ఇక థర్మోస్టాట్. అది లేకపోతే ఇంజన్ కావలసినంత వేడికి రాదు. ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోయిస్తుంది, మైలేజీ పడిపోతుంది, కాలని పెట్రోల్ ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. అనుమానం ఉంటే విప్పి గిన్నెడు నీళ్లలో, అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి వేడి చేయండి. దాని మీద ముద్రించిన డిగ్రీల దగ్గర, చాలా వాటికి 82, తెరుచుకోవడం మొదలవ్వాలి. 95 వచ్చేసరికి సుమారు 8 మిల్లీమీటర్లు తెరుచుకోవాలి. 100 డిగ్రీలు దాటి చూపే థర్మామీటర్ వాడండి. జ్వరం చూసేది పగిలిపోతుంది.

తిరిగి నింపేటప్పుడు బోరు నీళ్లు వద్దు. వాటిలోని సున్నం సన్న గొట్టాల్లో గట్టిపడి, రెండు మూడు ఎండాకాలాలకే రేడియేటర్‌ను అడ్డుకుంటుంది. చిక్కటి కూలెంట్ అయితే సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్. చిన్న కారుకు మొత్తం 4 లీటర్లు దగ్గర పెట్టుకోండి. డబ్బా మీద కలపకుండా వాడమని రాసి ఉంటే నీళ్లు అసలు పోయొద్దు. హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, మూత తీసి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడపండి. బుడగలు పోతూ మట్టం తగ్గినకొద్దీ పోయాలి. మర్నాడు పొద్దున ఇంకోసారి మట్టం చూడండి.

ఒక్క హెచ్చరిక. చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నా, ఆయిల్ కడ్డీ మీద పాలు కలిపిన చాయ్ రంగు కనిపించినా హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే సీలు, పోయింది. అప్పుడు బండిని నడపకుండా ఎత్తుకుని పోవాలి.

ప్రశ్న: గోదావరిఖనిల ఉంటం. 1,40,000 తిరిగిన పెట్రోల్ బండి, వెయ్యి కిలోమీటర్లకు అర లీటర్ ఇంజన్ ఆయిల్ తాగుతుంది. ఇంజన్ దించి బోర్ చేయించాలంటున్నరు. వేరే దారి ఉన్నదా?
- పాఠకురాలు, గోదావరిఖని

జవాబు: పొగ ఎప్పుడు వస్తుందో ముందు గమనించండి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి. చాలా ఇంజన్లలో వాటిని ఇంజన్ దించకుండానే మార్చొచ్చు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తే పిస్టన్ రింగుల మీద అనుమానం. పొగ లేకుండానే తగ్గుతుంటే కింద, పక్కల కారుడు చూడండి. టాపెట్ కవర్ మీద ఉండే పీసీవీ వాల్వు (ఇంజన్ లోపలి ఆవిరిని మళ్లీ గాలి దారిలోకి పంపేది) కూడా తీసి ఊపండి, లోపల గలగలమనాలి. మూగగా ఉంటే జామైంది. దాని ఖరీదు కొంచెమే, ముందు దాన్ని మార్చి ఒక వెయ్యి కిలోమీటర్లు చూడండి.

రింగులా వాల్వులా అన్నది కంప్రెషన్ పరీక్ష తేలుస్తుంది. ఇంజన్ వేడి చేసి, పెట్రోల్ పంపు ఫ్యూజు, కాయిల్ కనెక్టర్లు తీసేసి, ప్లగ్గులన్నీ విప్పి, ఒక్కో రంధ్రానికి ఒత్తిడి చూపే కంప్రెషన్ గేజి పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి అయిదారు చుట్లు సెల్ఫ్ కొట్టాలి. పెట్రోల్ ఇంజన్‌కు సాధారణంగా 150 నుంచి 200 పీఎస్ఐ మధ్య వస్తుంది. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటికన్నా 15 శాతం మించి తగ్గితే ఆ ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. ఈ అంకెలు కాగితం మీద లేకుండా సిలిండర్లు తొలిచే బోర్ పనికి ఒప్పుకోవద్దు.

మీ ఊరిని బట్టి ఇంకొక మాట. బొగ్గు, బూడిద దుమ్ము ఎయిర్ ఫిల్టర్ దాటి లోపలికి పోతే రింగులను ఆకురాయిలా అరగదీస్తుంది. ఫిల్టర్ తీసి, డబ్బాలో ఇంజన్ వైపు భాగాన్ని తెల్లటి గుడ్డతో తుడవండి. గుడ్డకు నల్లటి పొడి అంటితే ఫిల్టర్ అంచు రబ్బరు సరిగా కూర్చోవడం లేదు. కొత్త రింగులు వేసినా ఇది సరిచేయకపోతే మళ్లీ అంతే. కాగితం ఫిల్టర్‌ను కంప్రెసర్ గాలితో కొట్టకండి, కంటికి కనబడని చిల్లులు పడతాయి. సర్వీసు పుస్తకంలో రాసినదానికి సగం కిలోమీటర్లకే మార్చేయండి.

అప్పటిదాకా వారానికోసారి, చదును నేల మీద, ఇంజన్ ఆపిన పది నిమిషాలకు కడ్డీ చూడండి. చాలా చిన్న కార్లలో రెండు గీతల మధ్య తేడా సుమారు లీటరు, అంటే పై గీత దాకా పోసినా మీ బండి రెండు వేల కిలోమీటర్లకు కింది గీతకు వచ్చేస్తుంది.

ప్రశ్న: ఏడాదిల రెండు బ్యాటరీలు మార్చిన. అయినా పొద్దున సెల్ఫ్ నీరసంగ తిరుగుతది.
- పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: మూడోది కొనకండి. రాత్రంతా నిలబడ్డ బండికి మల్టీమీటర్ పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5. అంతకు తక్కువైతే డైనమో సరిగా చార్జి చేయడం లేదు.

రెండూ బాగుంటే బ్యాటరీ నెగెటివ్‌ను ఇంజన్‌కు, బాడీకి కలిపే ఎర్త్ వైరు చూడండి. మీటరు ఎర్ర తీగను ఇంజన్ లోహానికి, నల్ల తీగను బ్యాటరీ నెగెటివ్ బొడిపెకు ఆనించి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటి చూపితే ఎర్త్ వైరు తుప్పుపట్టింది. విప్పి, రెండు కొసలూ ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పెట్రోలియం జెల్లీ రాయండి.

రాత్రి చార్జి కారుతోందేమో చూడాలంటే బండి లాక్ చేసి, నెగెటివ్ వైరుకూ బ్యాటరీకీ మధ్య మీటరును ఆంపియర్ల మీద కలిపి, అరగంట ఆగండి. 50 మిల్లీఆంపియర్లు దాటొద్దు. దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి, ఏది తీస్తే అంకె పడిపోతుందో లోపం ఆ లైనులో ఉంది. మీటరు అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టకండి, మీటరు కాలిపోతుంది. పొలాల పక్క ఇళ్లల్లో ఎలుకలు కొరికిన వైర్లు కూడా ఇలా కార్పిస్తాయి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్న. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చిన్రో తెల్వది.
- పాఠకుడు, పరకాల

జవాబు: రికార్డు లేదంటే మార్చనట్టే లెక్క. పిస్టన్లకూ వాల్వులకూ తాళం తప్పకుండా చూసేదే టైమింగ్ బెల్టు. మారుతి 800, పాత ఆల్టో, శాంత్రో, ఇండికా డీజిల్‌లో ఉండేది బెల్టు. మారుతి కే-సిరీస్ ఇంజన్లు, 1.3 డీజిల్‌లో చైన్. బెల్టు తిరగకపోయినా వయసుకే పగులుతుంది. డీజిల్‌లో తెగితే వాల్వులు వంగి హెడ్డు పని మీద పడుతుంది. బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్ బేరింగ్ కూడా అప్పుడే వేయించండి. బిగించేటప్పుడు పళ్ల చక్రాల గుర్తులు ఒక్క పన్ను తప్పినా కష్టం కాబట్టి, మొదటిసారి మాత్రం తెలిసినవారి చేత చేయించి పక్కన నిలబడి చూడండి.

ప్రశ్న: బ్రేక్ పెడల్ కిందికి పోతుంది. రెండోసారి తొక్కితే సరిగ్గ ఉంటది.
- పాఠకుడు, మంచిర్యాల

జవాబు: రెండోసారికి పైకి వస్తోందంటే చాలావరకు వెనక డ్రమ్ముల్లో లైనర్లకు సందు ఎక్కువైంది, అడ్జస్ట్ చేయాలి. స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి చేరింది. తొక్కిపట్టి ఉంచితే మెల్లగా దిగిపోతూ, బయట ఎక్కడా కారడం లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు పోయాయి. అది తేలేదాకా బండి బయటికి తీయకండి.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 3 కావాలో డాట్ 4 కావాలో బండిలోని బ్రేక్ ఆయిల్ డబ్బా మూత మీదే ఉంటుంది. పొరపాటున ఇంజన్ ఆయిల్ చుక్క పడినా రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చేయండి. చక్రం విప్పేముందు మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, బాడీ కింద స్టాండు నిలపండి. బండితో వచ్చే జాకీ టైరు మార్చడానికే, దాని మీద లేపిన బండి కిందికి తల పెట్టకూడదు.